బెయిల్ వచ్చింది, మనిషి రాలేదు

బెయిల్ అంటే కోర్టులో ఇంత అని డబ్బు కట్టి మనిషిని ఇంటికి తెచ్చుకోవడమని మా వైపు చాలామంది అనుకుంటారు. నిజానికి మామూలుగా కోర్టుకు కట్టేది ఏమీ ఉండదు. ‘పిలిచినప్పుడల్లా వస్తాను, రాకపోతే ఇంత సొమ్ము ఇచ్చుకుంటాను’ అని ముద్దాయి రాసిచ్చే బాండు ఒకటి. ‘ఇతను రాకపోతే ఆ సొమ్ము మేం ఇచ్చుకుంటాం’ అని జామీనుదారులు రాసిచ్చే బాండు ఇంకొకటి. అయితే ఈ రెండో దాని మీద సంతకం పెట్టడానికి మంచి మనిషి దొరికితే చాలదు. ఆ మనిషి పేరు మీద ఆస్తి ఉండాలి, ఆ ఆస్తికి తాజా కాగితం ఉండాలి. మా తమ్ముడు కౌలు రైతు. మా చుట్టపక్కాల్లో సగం మంది కౌలుదారులే. జిల్లా కోర్టు బెయిల్ ఇచ్చిన తర్వాత కూడా వాడు సబ్ జైల్లోనే ఎందుకు ఉండిపోయాడో, మేం ఎక్కడెక్కడ తిరిగామో రాస్తున్నాను. మా ఇంటికి వచ్చిన కష్టం లాంటిదే రేపు ఇంకో ఇంటికి వస్తే, కనీసం ఏ కాగితం ముందు సిద్ధం చేసుకోవాలో తెలుస్తుంది.

నాది మండల కేంద్రంలో జిరాక్స్ షాపు. తహసీల్దారు ఆఫీసు పక్కనే. ఆదాయ సర్టిఫికెట్లు, పాస్‌బుక్కుల నకళ్ళు, అర్జీలు, అన్నీ నా చేతుల మీదుగా పోతుంటాయి. తమ్ముడు పుట్టిన ఊళ్ళోనే ఉండి ఒక ఆసామి దగ్గర రెండెకరాలు కౌలుకు చేస్తున్నాడు. కృష్ణా డెల్టాలో అయినా మాది శివారు ఆయకట్టు. కాలవకి నీళ్ళు వదిలినా ఆఖరి చేలకు చేరేసరికి పుణ్యకాలం కాస్తా అయిపోతుంది. 2024 ఖరీఫ్‌లో నాట్లు పడ్డాక నీటి వంతు దగ్గర మాటా మాటా పెరిగింది. తూము దగ్గర మా వాడూ పక్క చేను రైతూ కలబడ్డారు. అతని తలకు పార దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. మా వాడి ముంజేయి కర్ర దెబ్బకు వాచిపోయింది. ఎవరు ముందు చెయ్యెత్తారో నేను చూడలేదు. అది విచారణలో తేలాల్సిన సంగతి. ఆ రైతు ఇల్లాలు ఆసుపత్రి వరండాలో కూర్చుని పడ్డ బాధ కూడా అబద్ధం కాదు.

రెండు వైపులా కేసులు కట్టారు. మా వాడి మీద పెట్టిన సెక్షన్ విని ఊళ్ళో అందరూ ‘307 పెట్టారంట’ అన్నారు. ఆ అంకె ఊళ్ళో చిన్నపిల్లలకి కూడా తెలుసు. కానీ 2024 జులై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. హత్యాయత్నం అందులో 109. పదేళ్ళ దాకా శిక్ష, ఆ ప్రయత్నంలో గాయం కూడా అయితే యావజ్జీవం దాకా పడవచ్చు. అవతలి వాళ్ళ మీద మా వాడి ఫిర్యాదుతో పెట్టినవి మాత్రం ఏడేళ్ళ లోపు శిక్ష ఉన్నవి. అందుకని వాళ్ళను స్టేషనుకు పిలిచి నోటీసు ఇచ్చి పంపేశారు. ఇదివరకు 41ఏ నోటీసు అనేవాళ్ళు, ఇప్పుడు పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన నాగరిక్ సురక్షా సంహితలో 35(3). ఏడేళ్ళ లోపు శిక్ష ఉన్న కేసుల్లో అవసరం ఏమిటో రాసుకోకుండా ఊరికే అరెస్టు చేయకూడదని 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. ఒకే గట్టు మీద జరిగిన ఒకే గొడవ. ఒక వైపు వాళ్ళు నోటీసుతో ఇంటికెళ్ళారు, ఇంకో వైపు మనిషి రిమాండుకెళ్ళాడు. ఎఫ్ఐఆర్‌లో వేసే సెక్షనే మనిషి ఆ రాత్రి ఎక్కడ పడుకుంటాడో తేల్చేస్తుందని అప్పుడు బోధపడింది.

అరెస్టు చేసిన సంగతి స్టేషను నుంచి మా మరదలికి ఫోన్ చేసి చెప్పారు. ఇరవై నాలుగు గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. ఇది రాజ్యాంగంలోనే, 22వ అధికరణంలోనే ఉంది. ముందు ప్రభుత్వాసుపత్రిలో పరీక్ష చేయించి, చీకటి పడ్డాక మేజిస్ట్రేటు గారి ఇంటికి తీసుకెళ్ళారు. మేం గేటు బయట నిలబడ్డాం. పోలీసులు కొట్టారా అని, లాయరు ఉన్నాడా అని ఆయన అడిగారట. లాయరు లేడంటే ఉచిత న్యాయసాయం చేసే లీగల్ సర్వీసెస్ తరఫున ఒక రిమాండ్ అడ్వకేటును పెట్టారు. ఆ కుర్రాయన బయటికొచ్చి మాతో మాట్లాడిన తీరు నాకు ఇప్పటికీ గుర్తే. ‘అమ్మా, కంగారు పడకండి, పద్నాలుగు రోజులు రిమాండ్ వేశారు. అంటే పద్నాలుగు రోజులు శిక్ష అని కాదు. ఈలోగా బెయిల్ వేసుకోవచ్చు. ముందు రిమాండ్ రిపోర్టు కాపీ తీసుకోండి’ అన్నాడు.

ఆ రిపోర్టు కాపీ తీసుకోవడం చాలా అవసరం. పోలీసుల కథ మొత్తం అందులోనే ఉంటుంది. ఏ ఆయుధం, ఎవరు సాక్షులు, గాయాలు ఏమిటి, ఎందుకు అరెస్టు చేయాల్సి వచ్చింది, అంతా. రేపు బెయిల్ పిటిషన్లో లాయరు జవాబు చెప్పాల్సింది దానికే. ఇంకొకటి. జైల్లో ఉన్న ఎవరికైనా, ఆదాయం ఎంతున్నా సరే, ఉచితంగా లాయరును అడిగే హక్కు 1987 లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టంలో ఉంది. 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు. మేం తర్వాత ఒక ప్రైవేటు లాయరును పెట్టుకున్నాం, మావారికి తెలిసినాయన కాబట్టి. అంతేగాని లీగల్ ఎయిడ్ లాయరంటే నామ్‌కే వాస్తే అన్న మాట మా విషయంలో నిజం కాలేదు.

మా లాయరు గారు ముందు మున్సబు కోర్టులోనే బెయిల్ పిటిషన్ వేశారు. ఊరి వాళ్ళకి అది ఇప్పటికీ మున్సబు కోర్టే. బోర్డు మీద మాత్రం జూనియర్ సివిల్ జడ్జి, ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు అని ఉంటుంది. అక్కడ రాదని ఆయన ముందే చెప్పారు. యావజ్జీవం పడే నేరం చేశాడని నమ్మడానికి ఆధారం కనబడుతున్నప్పుడు మేజిస్ట్రేటు చేతులు కట్టేసినట్టే. పిల్లలకి, ఆడవాళ్ళకి, జబ్బు మనుషులకి అయితే ఆయన ఇవ్వొచ్చు. ఆ పిటిషన్ కొట్టేశాక జిల్లా కోర్టులో, అంటే సెషన్స్ కోర్టులో వేశారు. నాగరిక్ సురక్షా సంహిత 483 కింద. పాత పుస్తకం ప్రకారం 439.

సెషన్స్ కోర్టులో పిటిషన్ పడగానే ఆ రోజే తేలుతుందనుకునేరు. పిటిషన్‌కు నంబరు వేయాలి. పీపీకి, అంటే ప్రభుత్వం తరఫు లాయరుకి, నోటీసు. పీపీ స్టేషను నుంచి సీడీ ఫైలు (పోలీసుల కేసు డైరీ) తెప్పించుకుని కౌంటరు, అంటే జవాబు, వేయాలి. ఆ ఫైలు రాకపోతే వాయిదా. అది పట్టుకొచ్చే కానిస్టేబులు వేరే బందోబస్తుకి వెళ్ళాడంటే మళ్ళీ వాయిదా. మా పిటిషన్ అలాగే జరిగింది. వాయిదా అంటే కోర్టు హాల్లో వాళ్ళకి ఒక తేదీ. జైల్లో ఉన్న మనిషికీ, ఇంటి దగ్గర కలుపు తీసే దిక్కు లేక ఎండిపోయే చేనుకీ అది అట్లా ఉండదు.

ఈ మధ్యలో అందరూ ఒకటే మాట అడిగారు: గాయపడ్డ మనిషి ఆసుపత్రి నుంచి డిశ్చార్జ్ అయ్యాడా లేదా? లాయరు గారు అడిగారు, గుమాస్తా అడిగాడు, జైలు దగ్గర పక్కనే నిలబడ్డ ఎవరో ముసలాయన కూడా అడిగాడు. కొట్లాట కేసుల్లో బెయిల్ చాలావరకు దాని మీదే నడుస్తుందట. గాయాల మీద డాక్టరు ఇచ్చే ఊండ్ సర్టిఫికెట్టులో గాయం ‘సింపుల్’ (మామూలుది) అని రాశారా, ‘గ్రీవియస్’ (తీవ్రమైనది) అని రాశారా అన్నది రెండోది. అతను డిశ్చార్జ్ అయ్యి ఇంటికొచ్చాడని తెలిసిన రోజు మా అమ్మ దేవుడికి దండం పెట్టుకుంది. మా వాడి కోసమే కాదు, అతను బతికి బాగున్నందుకు కూడా. అమ్మకి ఆ కుటుంబంతో నలభై ఏళ్ళ ఇరుగుపొరుగు.

వాదనలు జరిగిన రోజు నేను హాల్లో వెనక నిలబడి విన్నాను. పీపీ గారు లేచి దర్యాప్తు ఇంకా మొదట్లోనే ఉంది, ముద్దాయి బయటికొస్తే సాక్షులను బెదిరిస్తాడు, ఊళ్ళో మళ్ళీ గొడవలవుతాయి అన్నారు. మా లాయరు గారు గాయపడిన వ్యక్తి డిశ్చార్జ్ అయ్యాడు, గాయాలు సింపుల్, పార పోలీసుల స్వాధీనంలోనే ఉంది, ముఖ్య సాక్షుల వాంగ్మూలాలు అయిపోయాయి, నా క్లయింటు మీద ఇదివరకు ఒక్క కేసు లేదు, పుట్టినూరు వదిలి ఎక్కడికీ పోడు అన్నారు. తూము దగ్గర ఎవరిది న్యాయం అన్న మాట ఇద్దరిలో ఎవరూ ఎక్కువ ఎత్తలేదు. బెయిల్ దగ్గర తేల్చేది అది కాదు. మనిషి పిలిస్తే వస్తాడా, పారిపోతాడా, సాక్షుల జోలికి పోతాడా, మళ్ళీ అదే పని చేస్తాడా, ఇవే. నేరం రుజువయ్యేదాకా మనిషిని లోపల పెట్టడం శిక్ష కింద కాకూడదని జస్టిస్ కృష్ణయ్యర్ కాలం నుంచి సుప్రీంకోర్టు చెబుతూనే ఉంది. స్వేచ్ఛ, న్యాయం, సమాజ భద్రత, వీటన్నిటినీ తూచి ఇవ్వాల్సిన సంగతి ఇది అంటూ ఇప్పటికీ కోర్టుల్లో ఎత్తి చెప్పే 1977 నాటి గుడికంటి నరసింహులు తీర్పు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్ళిన కేసులోదే. వాదన మొత్తం పది నిమిషాలు కూడా పట్టలేదు.

ఇంకో రెండు రోజులకి ఆర్డరు వచ్చింది. ఇరవై వేల రూపాయలకు సొంత బాండు, అంతే మొత్తానికి ఇద్దరు జామీనుదారులు, వాళ్ళు మేజిస్ట్రేటు కోర్టుకు తృప్తి కలిగించాలి. చార్జిషీటు పడేదాకా ప్రతి ఆదివారం స్టేషనులో సంతకం. సాక్షుల జోలికి పోకూడదు.

ఆ ఆర్డరు జైలుకు ఈ-మెయిల్లో వెళ్ళింది. 2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల్లో అది ఒకటి. బెయిల్ ఆర్డరు కాపీ ఆ రోజో మర్నాడో జైలు సూపరింటెండెంటు ద్వారా ఖైదీకి అందాలి. అందింది కూడా. నేను మర్నాడు ములాఖత్‌కి వెళ్ళేసరికి తమ్ముడు బట్టల సంచి సర్దుకుని కూర్చున్నాడు. జాలీ అవతల నుంచి ‘అక్కా, పొద్దున్నే చెప్పారు, సాయంత్రానికి వదిలేస్తారా?’ అన్నాడు. లుంగీ, తువ్వాలు, అమ్మ పంపిన దుప్పటి మడత, అన్నీ ఆ సంచిలో ఉన్నాయి. ష్యూరిటీలు, అంటే జామీన్లు, పెట్టాలిరా, రెండు మూడు రోజులు పడుతుంది అన్నాను. సంచి కిందపెట్టి ‘ఎవరు పెడతారు?’ అని అడిగాడు. వాడడిగినదే అసలు ప్రశ్న.

మొదట నేనే పెడదామనుకున్నాను. మేముండేది ప్రభుత్వం ఇచ్చిన పట్టా స్థలంలో కట్టుకున్న ఇల్లు. అమ్ముకోవడానికి వీల్లేని స్థలం ష్యూరిటీకి ఒప్పుకోరని గుమాస్తా గారు అక్కడే చెప్పేశారు. తమ్ముడి కౌలు కార్డు తీశాను. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం ప్రకారం ఇచ్చే పంట సాగుదారు హక్కుల కార్డు అది. పదకొండు నెలలకు చెల్లుతుంది, భూమి మీద ఏ హక్కూ ఇవ్వదు. ఆ కార్డు కోసం ఆసామి సంతకం తెచ్చుకోవడానికే వాడు ఎన్నిసార్లు బతిమాలాడో నాకు తెలుసు. ఆ ఆసామికే ఫోన్ చేశాను. హైదరాబాదులో ఉంటారు. మర్యాదగానే మాట్లాడారు. ‘పోలీసు కేసుల్లో నా పాస్‌బుక్కు పెట్టలేనమ్మా’ అన్నారు. ఆయన భయం ఆయనది.

తర్వాత మా మేనమామ. డెబ్భై సెంట్లు పొలం ఉంది, దున్నుకునేది ఆయనే. పాస్‌బుక్కు తెరిచి చూస్తే ఇంకా తాతయ్య పేరు మీదే ఉంది. ముగ్గురన్నదమ్ములు నోటి మాటగా పంచుకున్నారు, మ్యుటేషన్, అంటే రికార్డుల్లో పేరు మార్పు, చేయించుకోలేదు. మా ప్రాంతంలో ఇది ఇంటింటి కథ. భాగాలు అందరికీ తెలుసు, గట్లు అందరికీ తెలుసు, కాగితం మాత్రం పోయినాయన పేరు మీద ఉంటుంది. అదృష్టం కొద్దీ ఇంటి పన్ను రశీదు మామయ్య పేరు మీదే ఉంది. ఆ ఏడు పన్ను కట్టేసి రశీదు తీసుకున్నాం. ఇల్లు ఎంత విలువ చేస్తుందో పంచాయతీ కార్యదర్శి సర్టిఫికెట్ ఇవ్వాలి. ఆయన మూడు పంచాయతీలకు ఇన్‌ఛార్జి. ఏ రోజు ఏ ఊళ్ళో ఉంటారో కనుక్కుని, ఆయన ఉన్న ఊరికే వెళ్ళి సంతకం, సీలు వేయించుకున్నాం. సీలు సరిగ్గా పడిందో లేదో నేను అక్కడే వెలుగులో పెట్టి చూసుకున్నాను. మసకగా ఉందని కాగితం వెనక్కి కొట్టడం నా షాపు దగ్గర రోజూ చూసేదే.

రెండో మనిషి కోసం తిరిగినప్పుడు జనం ముఖాలు ఎలా మారతాయో చూశాను. ప్రేమగా కాఫీ ఇచ్చి, ‘జామీను’ అన్న మాట రాగానే చూపు తిప్పుకున్నవాళ్ళు ఉన్నారు. వాళ్ళను నేను తప్పు పట్టను. సంతకం పెడితే ఇల్లు పోతుందని వాళ్ళ నమ్మకం. లాయరు గారిని గుచ్చి గుచ్చి అడిగి తెలుసుకున్నాక ఆ భయం ఎంతవరకు నిజమో నాకు తెలిసింది. ముద్దాయి వాయిదాకు రాకుండా పారిపోతే బాండు జప్తు చేస్తారు. ‘ఎందుకు కట్టించుకోకూడదో చెప్పు’ అని జామీనుదారుకు నోటీసు ఇస్తారు. కట్టాల్సింది బాండు మీద రాసిన మొత్తం వరకే, మా కేసులో ఇరవై వేలు. అందులో కొంత తగ్గించే అధికారం కోర్టుకు ఉంది. అది కట్టకపోతే, ఏ రకంగానూ వసూలు కాకపోతే, సివిల్ జైలు ఆరు నెలల దాకా ఉండొచ్చు. ఇల్లు ఎవరూ రాసిచ్చెయ్యరు. పారిపోని మనిషికి జామీను ఉంటే పైసా పోదు. ఇంత సూటిగా చెప్పేవాళ్ళు ఊళ్ళో ఉంటే సగం మంది ముందుకొస్తారని నా నమ్మకం.

కోర్టు వరండాలో ఒకతను నా వెనకే వచ్చి ‘ష్యూరిటీ కావాలా మేడమ్, మనిషి, కాగితాలు అన్నీ నావే, రేటు మాట్లాడుకుందాం’ అన్నాడు. ఎక్కడివి ఆ కాగితాలు అని అడిగితే నవ్వాడు. ఇలా నకిలీ ఇంటి పన్ను రశీదులు, దొంగ సీళ్ళతో జామీన్లు పెట్టే ముఠాలను పోలీసులు పట్టుకున్న వార్తలు పేపర్లో వస్తూనే ఉంటాయి. ఇంతకుముందు ఎంతమందికి జామీను ఉన్నారో జామీనుదారు రాసివ్వాలని చట్టం పెట్టింది వీళ్ళ కోసమే. దొరికితే పోయేది వాడొక్కడే కాదు, మనవాడి బెయిల్ కూడా. నేను ఒద్దన్నాను. కానీ ఆ రోజు వాడి దగ్గర బేరమాడుతున్న ఒక ముసలమ్మను చూశాను. కొడుకు లోపలున్నాడు. ఆమెకు వేరే దారి ఎవరూ చూపించలేదు.

దారులు ఉన్నాయి, చెప్పేవాళ్ళు లేరు. జామీనుదారులకు బదులు కొంత సొమ్ము కోర్టులో డిపాజిట్ చేసుకోమని అడగొచ్చు, నాగరిక్ సురక్షా సంహితలో 490 అందుకే ఉంది. మొత్తం తగ్గించమని, ఇద్దరికి బదులు ఒకరు చాలనమని పిటిషన్ వేసుకోవచ్చు. బెయిల్ వచ్చిన ఏడు రోజుల్లో మనిషి విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంటు జిల్లా లీగల్ సర్వీసెస్ కార్యదర్శికి తెలియజేయాలి. నెల దాటినా జామీన్లు దొరక్కపోతే షరతులు సడలించే సంగతి కోర్టు తనంతట తానే చూడొచ్చు. ఇవి కూడా ఆ 2023 ఆదేశాల్లోవే. అదే ఏడాది కేంద్రం తెచ్చిన పేద ఖైదీల పథకంలో విచారణ ఖైదీకి సాయం చేసే వీలుంది, 2023లో పెట్టినప్పుడు అది నలభై వేల దాకా. జిల్లా స్థాయి కమిటీ మంజూరు చేస్తుంది. మత్తుమందులు, ఉగ్రవాదం, అవినీతి లాంటి కేసులకు వర్తించదు. సబ్ జైలు గేటు పక్కన ఈ నాలుగు ముక్కలూ తెలుగులో పెద్ద అక్షరాలతో రాసిపెడితే ఎంత బాగుండును.

మా లాయరు గారు మోతీరాం కేసు గురించి చెప్పారు. మధ్యప్రదేశ్‌లో ఒక తాపీమేస్త్రి. సుప్రీంకోర్టే బెయిల్ ఇవ్వమంటే, కింది మేజిస్ట్రేటు పదివేలకు జామీను అడిగాడు. అన్న ముందుకొస్తే, నీ ఆస్తి వేరే జిల్లాలో ఉంది పనికిరాదన్నాడు. 1978లో సుప్రీంకోర్టు ఆ మేస్త్రిని వెయ్యి రూపాయల సొంత బాండు మీద వదలమంది. ఒక మలయాళీయో, తమిళుడో, ఆంధ్రుడో బస్తర్లోనో పోర్ట్ బ్లెయిర్లోనో అరెస్టయితే అక్కడ ఆస్తి ఉన్న జామీనుదారు ఎక్కడ దొరుకుతాడని ఆ తీర్పులో అడిగారు. వలస పోయి పనిచేసుకునే మన జనానికి ఈ తీర్పు తెలిసి ఉండాలి. అది వచ్చి నలభై ఏళ్ళు దాటినా, జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల్లో 2022 చివరికి దేశంలోని జైళ్ళలో 5,73,220 మంది ఉంటే అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలే. నూటికి డెబ్భై ఐదు మందికి పైగా, ఇంకా నేరం రుజువు కానివాళ్ళు.

రెండో జామీను మా వీధిలో ఇడ్లీ బండి పెట్టుకునే సుబ్బమ్మత్త ఇచ్చింది. (పేరు మార్చాను.) చుట్టరికం లేదు, వరసకు అత్త అంటాను. మావారు ఆమె బండి దగ్గర టిఫిన్ తింటూ ఎవరితోనో చెబుతుంటే విని, మధ్యాహ్నం నా షాపుకొచ్చింది. పాలిథిన్ కవరు విప్పి, రబ్బరు బ్యాండు తీసి, తన ఇంటి పన్ను రశీదులు ఏళ్ళ వారీగా పేర్చినవి నా కౌంటరు మీద పెట్టింది. ఒక్క ఏడాదీ తప్పలేదు. రెండు గదుల డాబా, భర్త పోయాక ఆమె పేరు మీదికి మార్పించుకుంది. ‘నా మొగుడు లోపలున్నప్పుడు నాకెవరూ పెట్టలేదమ్మాయ్. ఏ కాగితం కావాలో చూసుకో’ అంది.

జామీన్లు పెట్టే రోజు పొద్దున్నే కోర్టుకి వెళ్ళాం. ఇద్దరి ఆధార్లు, ఫోటోలు, పన్ను రశీదులు, విలువ సర్టిఫికెట్లు, నోటరీ చేయించిన అఫిడవిట్లు. జిల్లా కోర్టు ఆర్డరు సర్టిఫైడ్ కాపీ. కాగితాలన్నీ ముందు బెంచి క్లర్కు చూస్తారు. మామయ్య ఆధార్లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, పన్ను రశీదులో ఒక్క అక్షరమే ఉంది. ఇద్దరూ ఒకరే అని ఇంకో అఫిడవిట్ రాయించాల్సి వచ్చింది. మేజిస్ట్రేటు గారు ఆ అఫిడవిట్లను నమ్మి ఒప్పుకోవచ్చు, లేదంటే కాగితాలు నిజమో కాదో విచారణకు పంపొచ్చు. పంపితే ఇంకో వారం. మేం ఊపిరి బిగపట్టుకుని కూర్చున్నాం.

మధ్యాహ్నం తర్వాత పిలిచారు. అత్త చెంగు సరిచేసుకుని ముందుకెళ్ళి చేతులు కట్టుకు నిలబడింది.

‘ముద్దాయి మీకేమవుతాడు?’

‘ఏమీ అవడండి. మా ఎరిగిన అమ్మాయి తమ్ముడండి.’

‘అతను వాయిదాలకి రాకపోతే ఇరవై వేలు మీరు కట్టాలి. తెలుసా?’

‘తెలుసండి. వస్తాడండి.’

ఆయన ఆమె వంక ఒక్క క్షణం చూసి సంతకం పెట్టారు.

రిలీజ్ ఆర్డరు సీలు వేసిన కవరులో పెట్టి సబ్ జైలుకు పంపేసరికి సాయంత్రమైంది. మేం వెనకే ఆటోలో వెళ్ళాం. అప్పటికి లోపల లెక్క చూసి తాళాలు వేసేశారు, రేపు పొద్దున రమ్మన్నారు. మా మరదలు గేటు దగ్గరే కూర్చుంటానంది. బలవంతాన ఇంటికి తీసుకొచ్చాను. పొద్దున్నే వాడి ఒంటి మీద గుర్తులు, తండ్రి పేరు, కేసు నంబరు సరిచూసి, వేరే ఏ కేసులోనూ వారంటు లేదని చూసుకుని వదిలారు.

బెయిల్ ఉన్నంత మాత్రాన మనిషి మామూలు మనిషి అయిపోడు. ప్రతి ఆదివారం స్టేషనులో సంతకం అంటే, కోతల కాలంలో కూడా ఆ రోజు కూలికి వెళ్ళే వీల్లేదు. ఒక ఆదివారం జ్వరంతో పడుకుంటే నేను వెంటబెట్టుకుని తీసుకెళ్ళి సంతకం పెట్టించాను. షరతు తప్పితే బెయిల్ రద్దు చేయమని పోలీసులు అడగొచ్చు. చార్జిషీటు తొంభై రోజుల లోపే పడింది. ఇలాంటి కేసులో తొంభై రోజులు దాటినా చార్జిషీటు వేయకపోతే, లోపల ఉన్నవాడికి బెయిల్ హక్కుగా వస్తుంది. చిన్న కేసులకు అది అరవై రోజులు. అయితే అడగాలి, చార్జిషీటు పడకముందే అడగాలి. పడ్డాక అడిగితే ఆ హక్కు పోయినట్టే. జైల్లో లాయరు లేకుండా ఉన్నవాళ్ళకి ఈ తేదీ లెక్క చెప్పేవాళ్ళు ఎవరు?

కేసు ఇంకా నడుస్తోంది. ఈ మధ్య సుబ్బమ్మత్త కూతురి పెళ్ళి కుదిరింది, ఇల్లు అమ్మాలనుకుంటోంది. జామీను నుంచి తప్పుకునే హక్కు ఆమెకు ఉంది, కోర్టును అడిగితే చాలు. కానీ ఆమె అడిగిన వెంటనే మా వాడు కోర్టు ముందుకెళ్ళి కొత్త జామీనును చూపించాలి, చూపించలేకపోతే మళ్ళీ లోపలికే. అందుకని రెండూ ఒకే రోజు జరిగేలా లాయరు గారు పిటిషన్లు రాయిస్తున్నారు. ఈసారి మామయ్య రెండో కొడుకు వస్తానన్నాడు. కొత్తగా ఉద్యోగంలో చేరాడు, జీతం సర్టిఫికెట్టు ఉంది. మామయ్య పొలం మ్యుటేషన్‌కి కూడా అర్జీ పెట్టించాను. ముగ్గురన్నదమ్ముల సంతకాలూ నా షాపులోనే తీసుకున్నాను.